ఇమ్యునోథెరపీ మొదలైందా? ఇంటి దగ్గర ఏం చూసుకోవాలి, ఎప్పుడు ఫోన్ చేయాలి

"అమ్మకు క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ మొదలుపెట్టారండీ. కీమో కాదు కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవంటున్నారు, నిజమేనా?" మాటలు మారినా తిరిగి తిరిగి ఇదే ప్రశ్న వస్తోంది. అందుకే ఒకచోట వివరంగా రాస్తున్నాను.

జుట్టు ఊడిపోవడం, విపరీతమైన వాంతులు లాంటివి ఈ మందులతో తక్కువే. అసలు ఉండవనుకోవడం మాత్రం తప్పు. ఇబ్బందులు వేరే రూపంలో వస్తాయి, ఒక్కోసారి నెలల తర్వాత వస్తాయి. అన్నిటికన్నా చిక్కేమిటంటే మామూలు విరేచనాల్లా, మామూలు దగ్గులా, మామూలు నీరసంలా కనిపిస్తాయి. మనం కూడా వీధి చివరి మెడికల్ షాపులో మాత్ర తెచ్చి వేసేస్తాం. నాలుగు రోజులు అలా గడిచాక ఐసీయూ దాకా వెళ్లిన కేసులు ఉన్నాయి. ముందే ఫోన్ చేసి ఉంటే చాలావరకు మాత్రలతోనే సర్దుకునేవి.

థియరీ క్లుప్తంగా చెప్పేస్తాను. మన ఒంట్లోని టి కణాలు (రోగనిరోధక శక్తిలో భాగమైన తెల్ల రక్తకణాలు) క్యాన్సర్ కణాన్ని చంపగలవు. అవి అదుపు తప్పకుండా శరీరమే వాటికి పీడీ-1, సీటీఎల్ఏ-4 లాంటి బ్రేకులు పెట్టుకుంది. క్యాన్సర్ ఆ బ్రేకులను తొక్కి తప్పించుకుంటుంది, ఈ మందులు ఆ బ్రేకులను తీసేస్తాయి. ఆ బ్రేకులనే చెక్‌పాయింట్లు అంటారు, వాటిని ఆపే మందులు కాబట్టి ఇవి చెక్‌పాయింట్ ఇన్హిబిటర్లు. ఈ సంగతి కనిపెట్టినందుకే జేమ్స్ అలిసన్, తసుకు హొంజోలకు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అయితే బ్రేకు తీశాక టి కణాలు క్యాన్సర్ మీదికే వెళ్తాయన్న గ్యారంటీ లేదు. పేగు, ఊపిరితిత్తులు, కాలేయం, థైరాయిడ్, చర్మం, అరుదుగా గుండె, ఇలా దేని మీదైనా పడవచ్చు.

మీ ఫైల్లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్, అటెజోలిజుమాబ్, డుర్వాలుమాబ్, ఇపిలిముమాబ్ వీటిలో ఏదైనా ఉంటే ఈ వ్యాసం మీ కోసమే. పేరు చివర "మాబ్" ఉన్నవన్నీ ఈ కోవలోకి రావు. ట్రాస్టుజుమాబ్, బెవాసిజుమాబ్, రిటుక్సిమాబ్ వేరే రకం మందులు, వాటి జాగ్రత్తలూ వేరు. అనుమానం ఉంటే డాక్టర్‌ని ఒక్క ముక్క అడగండి: "ఇది చెక్‌పాయింట్ ఇన్హిబిటరేనా?"

కావలసినవి

ఒక నోట్‌బుక్, థర్మామీటర్, బీపీ మెషిన్, పల్స్ ఆక్సీమీటర్, బరువు తూచే మెషిన్. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ బీరువాలో ఉంటే బ్యాటరీ మార్చి, ముందు మీ వేలికి పెట్టి చూడండి. పర్సులో పట్టేంత కార్డు ఒకటి. ఆసుపత్రి డే కేర్ నంబరు, రాత్రిపూట ఎత్తే నంబరు, రెండూ కావాలి. రాత్రి నంబరు అడగడానికి మొహమాటపడకండి.

1. మొదటి డోసుకు ముందే ఇవన్నీ డాక్టర్‌కి చెప్పండి

కీళ్లవాతం, సోరియాసిస్, బొల్లి, థైరాయిడ్, పెద్దపేగు పూత (అల్సరేటివ్ కొలైటిస్) లాంటివి పేషెంటుకు ఎప్పుడైనా ఉన్నాయా? గతంలో టీబీ వచ్చిందా? హెపటైటిస్ బి ఉందా? కిడ్నీ మార్పిడి జరిగిందా? మార్పిడి జరిగినవాళ్లలో ఈ మందుల వల్ల శరీరం ఆ కిడ్నీనే తిరస్కరించే ప్రమాదం ఉంది. వీటిలో ఏదో ఒకటి ఉన్నంత మాత్రాన మందు ఇవ్వరని కాదు, తెలిస్తే డాక్టర్ జాగ్రత్త పడతారు.

మోకాళ్ల నొప్పులకో, ఆయాసానికో ఎక్కడైనా "పొడి", "గుళిక" వాడుతుంటే అదీ చెప్పాలి. పేరు తెలియని అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఉంది. చికిత్స మొదట్లోనే స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో ఒంట్లో ఉంటే మందు సరిగా పని చేయకపోవచ్చు.

రక్తపరీక్షల్లో సీబీసీ, కాలేయం, కిడ్నీ, షుగరు, థైరాయిడ్ ఎలాగూ చేస్తారు. ఉదయం కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్), ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) కూడా చేస్తారా అని అడగండి. తర్వాత తేడా వస్తే పోల్చి చూడటానికి పాత రిపోర్టు ఉండాలి.

ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్లకు ఒక హెచ్చరిక. గడ్డలో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులు ఉన్నాయేమో చూసే పరీక్షల రిపోర్టులు రాకముందే "తొందరగా మొదలుపెట్టండి" అని డాక్టర్‌ని ఒత్తిడి చేయకండి. ఆ మార్పులు ఉన్నవాళ్లకు ఇమ్యునోథెరపీ పెద్దగా పని చేయదు, వాళ్లకు ఆ మార్పుల మీద పనిచేసే మాత్రలే ముందు. పైగా ఇమ్యునోథెరపీ ఇచ్చిన కొద్ది రోజులకే ఓసిమెర్టినిబ్ (ఈజీఎఫ్ఆర్ మార్పుకు ఇచ్చే మాత్ర) మొదలుపెడితే ఊపిరితిత్తుల వాపు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. రిపోర్టు కోసం ఆగే ఆ కొన్ని రోజులు టెన్షన్‌గానే ఉంటుంది, అయినా ఆగడమే మంచిది.

పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లు చికిత్స జరుగుతున్నప్పుడూ, అయిపోయాక కొన్ని నెలలూ గర్భం రాకుండా చూసుకోవాలి. పెంబ్రోలిజుమాబ్ అయితే చివరి డోసు తర్వాత 4 నెలలు, నివోలుమాబ్ అయితే 5 నెలలు.

2. "మామూలు" ఎంతో రాసి పెట్టుకోండి

ఎక్కువమంది వదిలేసేది ఇదే. విరేచనాలు పెరిగాయా లేదా అన్నది మామూలుగా రోజుకు ఎన్నిసార్లు వెళ్తారో తెలిస్తేనే చెప్పగలం. డోసుకు ముందు రెండు మూడు రోజుల పాటు ఇవి రాయండి: మోషన్ ఎన్నిసార్లు, బరువు, బీపీ, కూర్చున్నప్పుడు ఆక్సిజన్, హాల్లో రెండు మూడు నిమిషాలు నడిచాక ఆక్సిజన్. నెయిల్ పాలిష్, ముదురు గోరింటాకు ఉన్న వేలు కాకుండా వేరే వేలు వాడండి. చేతులు చల్లగా ఉంటే కాసేపు రుద్దాక పెట్టండి.

ఒక పేజీ ఇలా ఉంటే చాలు:

"సోమవారం. డోసు 2 అయి 6 రోజులు. మోషన్ 1. బరువు 58. బీపీ 124/80. ఆక్సిజన్ 97, నడిచాక 96. దురద కొంచెం, చేతుల మీద. తిండి బాగానే."

3. కార్డు రాయండి

ఒక పక్క తెలుగులో, ఇంకో పక్క ఇంగ్లిష్‌లో రాయించండి. ఊరు కాని ఊళ్లో ఏదైనా జరిగితే క్యాజువాలిటీ డాక్టర్ చూసేది దీన్నే. "నాకు క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ ఇస్తున్నారు. మందు పేరు ఇది, చివరి డోసు తేదీ ఇది. విరేచనాలు, ఆయాసం, కామెర్లు, తీవ్రమైన నీరసం ఉంటే ఈ మందు వల్ల కావచ్చు. దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి." డోసు తేదీని పెన్సిల్‌తో రాస్తే ప్రతిసారీ మార్చుకోవచ్చు.

"క్యాన్సర్ మందు వాడుతున్నారు" అని మాత్రం చెబితే ఎదుటి డాక్టర్ కీమో అనుకుంటారు. కీమోలో విరేచనాలకు చేసే వైద్యం వేరు, ఇక్కడ వేరు. "ఇమ్యునోథెరపీ" అన్న మాట తప్పకుండా చెప్పాలి.

4. డోసు రోజు

పెంబ్రోలిజుమాబ్ సాధారణంగా 3 వారాలకు 200 మిల్లీగ్రాములు, లేదా 6 వారాలకు 400. నివోలుమాబ్ అయితే 2 వారాలకు 240, లేదా 4 వారాలకు 480. రెండూ అరగంట డ్రిప్. ఎక్కుతున్నప్పుడు చలి, వణుకు, ఒళ్లంతా దురద, ఛాతీ బిగుసుకోవడం ఉంటే ఓర్చుకోకుండా వెంటనే సిస్టర్‌ని పిలవండి.

మందు బయట కొని తెమ్మంటే ఇది బాగా గుర్తుపెట్టుకోండి. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు ఒక నకిలీ క్యాన్సర్ మందుల ముఠాను పట్టుకున్నారు. పెద్ద బ్రాండ్ల ఖాళీ వయల్స్ (మందు సీసాలు) సేకరించి, వాటిలో వేరే మందు నింపి అమ్మేవాళ్లు. ఆ బ్రాండ్లలో ఇమ్యునోథెరపీ మందులూ ఉన్నాయి. కాబట్టి:

ఆసుపత్రి ఫార్మసీలోనో, కంపెనీ అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరో మాత్రమే కొనండి. "మిగిలిపోయింది, సగం ధరకు ఇస్తాం" అనేవాళ్ల దగ్గర వద్దు. బిల్లు మీది బ్యాచ్ నంబరూ వయల్ మీది నంబరూ ఒకటేనా చూసి ఫోటో తీసుకోండి. డ్రిప్ అయ్యాక ఖాళీ వయల్ మీది లేబుల్‌ని సిస్టర్‌తో చింపించండి, లేదా మార్కర్‌తో కొట్టేయించండి. తేవడానికి ఐస్ బాక్స్ కావాలి, ఎందుకంటే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అలాగని వయల్‌ని నేరుగా ఐసు ముక్కల మీద పెట్టకూడదు. గడ్డకడితే ఆ మందు పనికిరాదు. కుదిపినా పాడవుతుంది.

ఖర్చు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. నోటి, గొంతు క్యాన్సర్లు ముదిరినవాళ్లకు ముంబయిలోని టాటా మెమోరియల్ ఒక పరిశోధన చేసింది. అక్కడ ఇచ్చే, నోటితో వేసుకునే మందులకు 3 వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ మాత్రమే కలిపి ఇచ్చారు. ఏడాది తర్వాత బతికి ఉన్నవాళ్లు, కలపనివాళ్లలో 16.3 శాతం ఉంటే, కలిపినవాళ్లలో 43.4 శాతం. ఇది అన్ని క్యాన్సర్లకూ వర్తించదు. మీది ఆ రకమే అయి, పూర్తి డోసు కొనే స్తోమత లేకపోతే "తక్కువ డోసు మాకు పనికొస్తుందా?" అని అడగడంలో తప్పు లేదు. ఇల్లు తాకట్టు పెట్టే ముందు అడగవలసిన ప్రశ్న ఇది.

5. రోజూ ఐదు నిమిషాలు

ఉదయం నోట్‌బుక్ తీసి పై అంకెలు రాయండి. ఆపైన అడగవలసినవి: కొత్తగా దగ్గు వచ్చిందా? నిన్న ఎక్కిన మెట్లు ఇవాళ ఎక్కలేకపోతున్నారా? మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోందా? కళ్లు పచ్చబడ్డాయా? తలనొప్పి తగ్గకుండా ఉందా? దాహం విపరీతంగా ఉందా? ఒంటి మీద దద్దుర్లు ఉన్నాయా?

పెద్దవాళ్లను "ఎలా ఉంది?" అని అడిగితే "బాగానే ఉంది నాన్నా" అనేస్తారు. పిల్లల్ని కంగారు పెట్టకూడదని చాలామంది అమ్మానాన్నలు దాచేస్తారు. అందుకే "రాత్రి ఎన్నిసార్లు లేచారు?" అని లెక్క అడగండి.

6. ఏది వస్తే ఏం చేయాలి

*విరేచనాలు.* మామూలు కన్నా ఒకటి నుంచి మూడు ఎక్కువైతే ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి, ఓఆర్ఎస్ తాగించండి. నాలుగు నుంచి ఆరు ఎక్కువైతే వెంటనే ఫోన్. ఈ దశలో తర్వాతి డోసు ఆపి, స్టెరాయిడ్ మొదలుపెట్టే అవకాశం ఉంటుంది. ఏడు లేదా అంతకన్నా ఎక్కువ పెరిగినా, రక్తం పడినా, కడుపు గట్టిగా నొప్పి పెట్టినా ఫోన్‌తో ఆగకుండా ఆసుపత్రికి బయల్దేరండి. పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంటుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు విరేచనాలు కట్టే లోపెరమైడ్ మాత్ర మీకు మీరే వేయడం. లెక్క తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల పేగు వాపు అలాగే ఉంటుంది. రెండో పొరపాటు షాపులో ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన ఇన్ఫెక్షన్ మాత్ర తేవడం. "పెళ్లి భోజనం పడలేదేమో" అని రెండు రోజులు చూడటం మూడోది. మన దగ్గర ఇన్ఫెక్షన్ విరేచనాలు మామూలే, నిజం. ఏది ఇన్ఫెక్షన్, ఏది మందు వల్ల అన్నది మల పరీక్షలు, అవసరమైతే కొలనోస్కోపీ చేసి డాక్టర్ తేల్చాలి.

*దగ్గు, ఆయాసం.* కొత్తగా పొడి దగ్గు వచ్చినా, నడిచాక ఆక్సిజన్ మీరు రాసుకున్న మామూలు కన్నా మూడు నాలుగు అంకెలు తగ్గినా అదే రోజు ఫోన్. కూర్చున్నప్పుడే 92 కన్నా తగ్గితే రాత్రయినా సరే ఆసుపత్రికి. సీటీ స్కాన్ చేస్తారు. ఇది ఊపిరితిత్తుల వాపా, న్యుమోనియానా, టీబీ తిరగబెట్టిందా అన్నది చూడాలి. ఈ మందులు వాడేవాళ్లలో టీబీ బయటపడ్డ కేసులు ఉన్నాయి. దగ్గు సిరప్ సీసా తెచ్చి వారం గడిపేయకండి.

*కాలేయం.* చాలాసార్లు రక్తపరీక్షలోనే బయటపడుతుంది, పైకి ఏమీ తెలియదు. అందుకే ప్రతి డోసుకు ముందు ఎల్ఎఫ్‌టీ (కాలేయం రక్తపరీక్ష) మానకండి. కళ్లు పచ్చబడితే పసరు మందుకు వెళ్లొద్దు. మరో మాట కూడా చెప్పాలి. "ఇమ్యూనిటీ మందు కదా, ఇమ్యూనిటీ పెంచేవి తోడు ఇస్తే ఇంకా మంచిది" అని తిప్పతీగ కషాయం, రకరకాల పొడులు తాగిస్తుంటారు. తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశపు డాక్టర్లే 2021 నుంచి పత్రికల్లో రాశారు. ఈ మందుతో పాటు అదీ వాడితే, ఏది కాలేయాన్ని దెబ్బతీసిందో తెలియక మంచి మందునే ఆపేయవలసి రావచ్చు. కూరలో పసుపు, చారులో మిరియాలు యథావిధిగా వేసుకోండి, వాటి గురించి కాదు నేను చెప్పేది.

*నీరసం.* క్యాన్సర్ ఉన్నాక నీరసం ఉండదా అని వదిలేస్తాం. కానీ థైరాయిడ్ దెబ్బతింటే మొదట గుండెదడ, బరువు తగ్గడం, కొన్ని వారాలకు తిరగబడి నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం కనిపిస్తాయి. ఇది తరచుగా వచ్చేదే, ఒక మాత్రతో సరిపోతుంది, చికిత్స ఆపనక్కర్లేదు. ఒక జాగ్రత్త: నీరసంతో పాటు బీపీ తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు, వదలని తలనొప్పి ఉంటే పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్నాయేమో చూడాలి. అప్పుడు కార్టిసాల్ లోటు భర్తీ చేశాకే థైరాయిడ్ మాత్ర మొదలుపెడతారు. అందుకే థైరాయిడ్ రిపోర్టు పట్టుకుని వేరే క్లినిక్‌లో మాత్ర రాయించుకోకండి, ముందు మీ ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ డాక్టర్‌కి) చూపించండి.

*షుగరు.* ఎప్పుడూ లేనివాళ్లకు హఠాత్తుగా విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు వస్తే వెంటనే షుగరు చూడాలి. ఈ మందుల వల్ల అరుదుగా వచ్చే డయాబెటిస్ మాత్రలకు లొంగదు, ఇన్సులిన్ కావాలి. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

*గుండె, కండరాలు.* అరుదు, కానీ అన్నిటిలోకీ ప్రమాదకరం. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. ఛాతీ నొప్పి, గుండెదడ, ఆయాసం, కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, మెడ నిలపలేకపోవడం. వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

*చర్మం.* దురద, దద్దుర్లు చాలామందికి వస్తాయి. వాసన లేని మాయిశ్చరైజర్ రాసి, తర్వాతి విజిట్‌లో చూపించినా సరిపోతుంది. బొబ్బలు, చర్మం ఊడటం, నోట్లో పుండ్లు ఉంటే మాత్రం అత్యవసరం.

*జ్వరం.* కీమో కూడా కలిపి ఇస్తుంటే 100.4 డిగ్రీలు దాటగానే ఆసుపత్రికి. పారాసిటమాల్ వేసి తగ్గుతుందేమో చూద్దామనుకోవద్దు.

7. ఫోన్‌లో ఇలా చెప్పండి

"మేడం, నాన్నగారికి ఒంట్లో బాలేదు" అంటే అవతలివాళ్లకు ఏమీ తెలియదు. ఇలా చెప్పి చూడండి:

"నమస్తే మేడం. మా నాన్నగారికి పెంబ్రోలిజుమాబ్ మూడో డోసు అయి 9 రోజులైంది. మామూలుగా రోజుకు ఒకసారి మోషన్‌కి వెళ్తారు. నిన్న పొద్దుటి నుంచి ఇవాళ పొద్దుటికి ఆరుసార్లు వెళ్లారు. రక్తం లేదు, జ్వరం లేదు. బీపీ 108/70. మాత్రలు ఏమీ వేయలేదు. ఇప్పుడే రమ్మంటారా?"

ఫోన్ ఎత్తకపోతే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకండి, బయల్దేరండి. ఆసుపత్రి దూరమైతే దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లి కార్డు చూపించి, అక్కడి డాక్టర్‌తో మీ ఆంకాలజిస్టును ఫోన్‌లో మాట్లాడించండి.

8. స్టెరాయిడ్ రాస్తే

"స్టెరాయిడా! అమ్మో వద్దు" అని భయపడేవాళ్లు ఎక్కువ. ఈ దుష్ప్రభావాలకు మొదటి మందు అదే. దీనివల్ల క్యాన్సర్ మందు వృథా అయిపోతుందేమోనని మానేయకండి. ప్రెడ్నిసోలోన్ తరచుగా కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 4 నుంచి 6 వారాలు లేదా ఇంకా ఎక్కువ కాలం మెల్లగా తగ్గిస్తారు.

మూడో రోజుకే విరేచనాలు తగ్గిపోయాయని మాత్రలు ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది, రెండోసారి వచ్చినప్పుడు లొంగదీయడం కష్టం. ఏ తేదీన ఎన్ని మాత్రలో క్యాలెండర్ మీద రాసి గోడకు తగిలించండి. పొద్దున టిఫిన్ చేశాక వేయండి, సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. షుగరు ఉన్నా లేకున్నా గ్లూకోమీటర్‌తో చూస్తుండండి. కడుపులో మంటకూ, ఇన్ఫెక్షన్ రాకుండా ఉండటానికీ వేరే మాత్రలు రాస్తే అవీ మానొద్దు. రెండు మూడు రోజులైనా స్టెరాయిడ్‌తో తగ్గకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందులు ఉన్నాయి. కాబట్టి తగ్గలేదన్న సంగతి దాచకుండా చెప్పండి.

9. మందు పని చేస్తోందో లేదో

రెండు డోసులకే "గడ్డ తగ్గలేదేంటి?" అని అడగకండి. మొదటి స్కాన్ సాధారణంగా రెండు మూడు నెలలకు చేస్తారు. కొద్దిమందిలో, అదీ పదిమందిలో ఒకరి కన్నా తక్కువగా, టి కణాలు గడ్డలోకి చేరడం వల్ల స్కాన్‌లో గడ్డ ముందు పెరిగినట్టు కనిపించి తర్వాత తగ్గుతుంది. మనిషి తింటూ, తిరుగుతూ, నొప్పులు తగ్గి ఉంటే డాక్టర్ ఇంకో నెలా రెండు నెలలు ఆగి మళ్లీ స్కాన్ చూడవచ్చు. మనిషి రోజురోజుకూ కుంగిపోతుంటే అది నిజంగా పెరుగుతోందనే అనుకోవాలి. ఈ అరుదైన అవకాశాన్ని పట్టుకుని అప్పు చేసి డోసులు కొనసాగించమని ఎవరైనా అంటే ఇంకో ఆంకాలజిస్టు అభిప్రాయం తీసుకోండి.

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) మెదడు దాకా పాకింది. 2015లో సర్జరీ, రేడియేషన్‌తో పాటు పెంబ్రోలిజుమాబ్ తీసుకున్నాక తగ్గి, వందేళ్లు బతికారు. అలాంటి కథలు నిజమే, అందరికీ అలా జరగదన్నదీ నిజమే. సైడ్ ఎఫెక్ట్స్ వస్తేనే మందు పని చేస్తున్నట్టు అనుకోవడం కూడా సరికాదు. ఏ ఇబ్బందీ లేకుండా గడ్డ కరిగినవాళ్లు ఉన్నారు.

10. డోసులు అయిపోయాక

చివరి డ్రిప్ అయ్యాక నోట్‌బుక్ అటకెక్కించేయకండి. ఈ మందుల ప్రభావం నెలల తరబడి ఉంటుంది, ఆపేసిన చాలా నెలలకు విరేచనాలో ఆయాసమో మొదలైనవాళ్లు ఉన్నారు. రోజూ రాయడం మానినా, కనీసం ఏడాది పాటు కొత్త ఇబ్బంది ఏది వచ్చినా "ఇమ్యునోథెరపీ తీసుకున్నాను" అని ముందే చెప్పాలి. పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లినా, కంటి ఆపరేషన్‌కి వెళ్లినా సరే. థైరాయిడ్, కార్టిసాల్ మాత్రలు మొదలుపెట్టి ఉంటే అవి సాధారణంగా జీవితాంతం వాడాలి. కార్టిసాల్ మాత్ర వాడేవాళ్లు జ్వరం వచ్చినప్పుడు, ఆపరేషన్ అప్పుడు డోసు పెంచుకోవాలి. ఎంత పెంచాలో ఎండోక్రినాలజిస్టుతో (హార్మోన్ల డాక్టర్‌తో) ఇప్పుడే రాయించి, ఆ చీటీని కార్డు వెనకాల అంటించండి.